గంజాయి లైసెన్సు ఎవరి చేతికి?

గంజాయిని చట్టబద్ధం చేసి, అమ్మకానికి లైసెన్సులిచ్చి, పన్ను వసూలు చేసుకోవాలన్న ప్రతిపాదన అమెరికా రాష్ట్రాల ఎన్నికల వార్తలతోపాటు తెలుగు ఇళ్లలోకి వచ్చింది కాబట్టి, అది పూర్తిగా ఆ దేశపు ఆలోచనేనని చాలామంది అనుకుంటారు. నిజానికి 19వ శతాబ్దం చివరినాటికే, తెలుగు జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాయి సర్కారు అనుమతితో పండి, సర్కారు అదుపులోని గోదాములకు చేరి, సుంకం కట్టాక లైసెన్సు దుకాణాల్లో అమ్ముడయ్యేది. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు పరిసరాలు, ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు ఆ సాగుకు పేరుపడిన చోట్లు. అదే పంట నేడు అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో దొంగచాటుగా పండి, అనకాపల్లి మీదుగా దేశమంతటికీ పోతోంది. సుంకం కట్టిన సరుకు నేరపు సరుకుగా ఎలా మారింది, మళ్లీ పన్ను పరిధిలోకి తేవడం సాధ్యమా, సాధ్యమైతే ఆ లాభం ఎవరికి దక్కుతుంది అన్న ప్రశ్నలను విడివిడిగా చూస్తే తప్ప ఈ చర్చ తేలదు.

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి ఏర్పడిన అనకాపల్లి జిల్లా గంజాయి పండే నేల కాదు. ఇది చెరకు పండే మైదానం. అనకాపల్లి పట్టణానికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది బెల్లం మార్కెట్టు. అయినా గంజాయి పట్టివేత వార్తల్లో ఈ జిల్లా పేరు తరచుగా కనిపించడానికి కారణం దాని భౌగోళిక స్థితి. చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల నుంచి దిగే దారి లంబసింగి ఘాట్ మీదుగా నర్సీపట్నం చేరుతుంది, పాడేరు నుంచి దిగే దారి మాడుగుల, చోడవరాల వైపు వస్తుంది, ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ జిల్లాల సరిహద్దు గ్రామాల్లో పండినదానిలోనూ కొంత ఈ దారులే పడుతుంది. ఇవన్నీ చివరికి 16వ నంబరు జాతీయ రహదారినో, హౌరా – చెన్నై రైలు మార్గాన్నో అందుకోవలసిందే కాబట్టి, ఏజెన్సీ అని పిలిచే ఆ గిరిజన కొండ ప్రాంతానికీ బయటి ప్రపంచానికీ మధ్య అనకాపల్లి గుమ్మంలా నిలిచింది. రాష్ట్ర హోంమంత్రిగా 2024 జూన్ నుంచి ఉన్న వంగలపూడి అనిత ఎన్నికైన పాయకరావుపేట నియోజకవర్గం కూడా ఈ జిల్లాలోదే.

మొక్క సంగతి కొంత తెలిస్తే గాని చట్టం అర్థం కాదు. గంజాయిలో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే రసాయనం ఎక్కువగా చేరేది ఆడ మొక్క పూల గుత్తుల మీద మెరిసే జిగురులో. విత్తనం కట్టని పూలలో ఆ జిగురు ఎక్కువగా ఉంటుంది కనుక, సాగు తెలిసినవాళ్లు మగ మొక్కలను పుప్పొడి రాలకముందే గుర్తుపట్టి పీకేస్తారు. వానాకాలం మొదట్లో నాటిన పంట చలికాలానికి కోతకు వస్తుంది. ఏజెన్సీలో పేరుమోసిన 'శీలావతి' రకానికి ఇతర రాష్ట్రాల్లో ఉన్న గిరాకీయే ఈ వ్యాపారాన్ని కొండల మీద పాతుకునేలా చేసింది. ఎండబెట్టిన గుత్తులను అదిమి ఇటుకల్లాంటి దిమ్మలుగా చేసి, వాసన బయటికి రాకుండా గోధుమరంగు టేపు పొరలు పొరలుగా చుట్టి ప్యాకెట్లు కడతారు. అక్కడి నుంచి ఆ సరుకు పనస పండ్ల అడుగునో, వాహనంలో చేయించిన రహస్య అరలోనో ఇరుక్కుని, ముందు పోలీసుల జాడ చూసే 'పైలట్' బండి వెనుక బయలుదేరుతుంది.

1985లో పార్లమెంటు చేసి, అదే ఏడాది నవంబరు 14న అమల్లోకి తెచ్చిన మాదకద్రవ్యాల చట్టం, అంటే వాడుకలో ఎన్‌డీపీఎస్ చట్టం, గంజాయి అంటే మొక్క పూత లేదా కాయ ఉన్న కొసలని నిర్వచించింది. కొసలతో కలవకుండా విడిగా ఉన్న ఆకులూ విత్తనాలూ ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ఆకుతో చేసే భంగు సర్కారు అనుమతి ఉన్న దుకాణాల్లో అమ్ముడవుతూ ఉండటానికి మూలం ఈ మినహాయింపే. ఒకే మొక్క ఆకు బనారస్‌లో సుంకం కట్టిన సరుకు, దాని పూత నర్సీపట్నంలో జైలుకు దారి. ఈ తేడా 1961 నాటి అంతర్జాతీయ మాదకద్రవ్యాల ఒడంబడిక నుంచి వచ్చింది. ఆ ఒడంబడిక ఆకును, విత్తనాన్ని నిర్వచనం నుంచి తప్పించి, వైద్యేతర వాడకాన్ని మాన్పించడానికి భారత్ వంటి దేశాలకు 25 ఏళ్ల గడువిచ్చింది. ఆ గడువు ముగిసేలోపే 1985 చట్టం వచ్చింది. మద్రాసు ప్రాంతంలో మాత్రం అంతకు చాలా ముందే, 1937 నాటి మద్యనిషేధ చట్టం మత్తు పదార్థాలను కూడా తన పరిధిలోకి తెచ్చుకుని, 1948 నాటికి రాష్ట్రమంతటా అమలైంది.

శిక్షలను చట్టం తూకంతో ముడిపెట్టింది. ఒక కిలో వరకు 'స్వల్ప పరిమాణం', దానికి ఏడాది వరకు కఠిన కారాగారం గాని, 10 వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం', దానికి కనీస శిక్ష పదేళ్లు, గరిష్ఠం ఇరవై ఏళ్లు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉన్న తూకానికి పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. మొక్కను సాగు చేసినవారికి, మొక్కలు ఎన్నన్న లెక్క లేకుండానే, పదేళ్ల వరకు శిక్ష ఉంది. వాణిజ్య పరిమాణం కేసులో నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి ఆధారముందని, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడని న్యాయమూర్తికి నమ్మకం కుదిరితే తప్ప బెయిలు దొరకదు.

అందుకే పట్టివేత చోట త్రాసే అన్నిటికంటే ముఖ్యమైన సాక్షి. రోడ్డు పక్కన బండి ఆపి, మధ్యవర్తుల సమక్షంలో ప్యాకెట్లు లెక్కపెట్టి, తూకం వేసి, పంచనామా రాసి, సీళ్లు వేస్తారు. ఆ తరువాత మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపాలి. తూచిన దాంట్లో పూత కొసలెంత, కాడలూ విడి ఆకులూ ఎంత, తూకంలో గోనె బరువు కలిసిందా, సోదాకు ముందు నిందితుడికి చట్టం ఇచ్చిన హక్కును చెప్పారా, నమూనా సీలుకూ ప్రయోగశాలకు చేరిన సీలుకూ పొంతన ఉందా అన్న ప్రశ్నల మీదే విశాఖ కోర్టుల్లో వాదనలు నడుస్తాయి. ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ ఉన్న కేసులో ఆ తేడా ఒక మనిషి పదేళ్ల జీవితం. ఆ మనిషి చాలా సందర్భాల్లో సరుకు యజమాని కాడు. బస్తా దించితే కూలి డబ్బులిస్తామన్న మాట నమ్మి, సరిహద్దు గ్రామం నుంచో తమిళనాడు, కేరళ, మహారాష్ట్రల నుంచో వచ్చిన యువకుడు. పెట్టుబడి పెట్టినవాడు సరుకును చేత్తో తాకనక్కర్లేదు కాబట్టి, తూకాన్ని బట్టి శిక్ష వేసే చట్టంలో మోసేవాడి మీద పడినంత బరువు అతడి మీద పడదు. విశాఖ కేంద్ర కారాగారంలో సామర్థ్యానికి మించి ఖైదీలు ఉన్నారని, వారిలో పెద్ద వాటా గంజాయి కేసులదేనని అధికారులే చెబుతూ వచ్చారు.

ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2021 చివరలో మొదలైన 'ఆపరేషన్ పరివర్తన'లో ఏజెన్సీలోని 11 మండలాల్లో 7,500 ఎకరాలకు పైగా తోటలను నరికివేసినట్టు పోలీసులు ప్రకటించారు. 2022 ఫిబ్రవరి 12న అప్పటి డీజీపీ గౌతమ్ సవాంగ్ సమక్షంలో అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలుగా పేర్చి తగలబెట్టారు. ఆ సందర్భంలో ప్రకటించిన వందల కోట్ల విలువ నగరాల్లో చివరి కొనుగోలుదారు చెల్లించే ధరను బట్టి కట్టిన లెక్క. చేనులో నిలబడ్డ రైతుకు అందేది అందులో అతి చిన్న వాటా. 2024 చివరలో మాదకద్రవ్యాల కోసమే ప్రత్యేకంగా 'ఈగల్' అనే విభాగాన్ని, 1972 అనే ఫోన్ నంబరును రాష్ట్రం ఏర్పాటు చేసింది. తోటలు నరికిన చోట కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా వంటి పంటలను ప్రోత్సహించారు. అయితే కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, గంజాయికి ఒక కారు చాలు, పైగా దళారి ముందే అప్పిచ్చి ఇంటి దగ్గరికే వచ్చి సరుకు ఎత్తుకుపోతాడు. ఇక్కడ తోటలు తగ్గితే సరిహద్దుకు ఆవల పెరగడం కూడా ఈ వ్యాపారంలో కొత్త కాదు.

ఇదంతా చూసినవారికి అమెరికా దారి ఆకర్షణీయంగా కనిపించడంలో వింత లేదు. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో పౌరులే చట్టం ముసాయిదా రాసి, నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలు సేకరిస్తే, శాసనసభతో పని లేకుండా ఆ ప్రతిపాదన సాధారణ ఎన్నికల ఓటుపత్రంలోకి ఎక్కుతుంది. మెజారిటీ 'అవును' అంటే చట్టమవుతుంది. కాలిఫోర్నియాలో ఇందుకు గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతానికి సమానమైన సంతకాలు కావాలి. 1996లో వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించిన ఆ రాష్ట్ర ఓటర్లే, 2010లో అందరికీ అనుమతించాలన్న ప్రతిపాదనను తిరస్కరించి, 2016 నవంబరు 8న 64వ ప్రతిపాదనను 57 శాతం ఓట్లతో ఆమోదించారు. అంతకు నాలుగేళ్ల ముందే, 2012లో, కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఇదే దారి తొక్కాయి. నేడు 24 రాష్ట్రాల్లో పెద్దవారి వినోద వాడకం చట్టబద్ధం. ఓటర్లు ప్రతిసారీ 'అవును' అనలేదు: 2024 నవంబరులో ఫ్లోరిడాలో దాదాపు 56 శాతం అనుకూలంగా ఓటేసినా, ఆ రాష్ట్రంలో 60 శాతం కావాలి కనుక ప్రతిపాదన వీగిపోయింది.

పన్ను కథ అంత సులువుగా సాగలేదు. కాలిఫోర్నియా చిల్లర ధర మీద 15 శాతం ఎక్సైజు పన్నుతోపాటు, ఎండు పూత ప్రతి ఔన్సుకు, అంటే సుమారు 28 గ్రాములకు, 9.25 డాలర్ల సాగు పన్ను కూడా వేసింది. దీనికి అమ్మకం పన్ను, స్థానిక పన్నులు కలిసేసరికి లైసెన్సు దుకాణంలోని సరుకు చాటుమాటు సరుకు కంటే ఖరీదైంది. సగానికి పైగా నగరాలు, కౌంటీలు తమ పరిధిలో దుకాణాలనే అనుమతించలేదు. ఫలితంగా దొంగ వ్యాపారం నిలిచే ఉంది, పన్ను కట్టిన చిన్న రైతులు నష్టపోయారు. 2022 జూలైలో సాగు పన్నును ఎత్తేశారు. 2025 జూలైలో ఎక్సైజును 19 శాతానికి పెంచి, అక్టోబరులోనే మళ్లీ 15కు దించారు. ఖజానా కోసం రేటు పెంచితే కొనేవాడు పాత దళారి దగ్గరికే పోతాడని, తగ్గిస్తే ఖజానాకు మిగిలేది తక్కువని కాలిఫోర్నియా చేతులు కాల్చుకుని తెలుసుకుంది.

అమెరికాలో పిల్లలున్న తెలుగు కుటుంబాలు మరో విషయం గుర్తుంచుకోవలసి ఉంటుంది. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి నియంత్రిత పదార్థమే. వలస వ్యవహారాలు నడిచేది ఫెడరల్ చట్టం ప్రకారం. హెచ్‌-1బీ వీసాతో గాని, గ్రీన్ కార్డుతో గాని ఉన్నవారు కాలిఫోర్నియాలో రసీదు తీసుకుని కొన్నదాన్ని వాడినట్టు అధికారి ఎదుట ఒప్పుకున్నా, మళ్లీ దేశంలోకి ప్రవేశానికో పౌరసత్వానికో అది అడ్డు కావచ్చు.

ఇక ఆంధ్రప్రదేశ్‌లో ఇది జరిగే వీలుందా? పౌరులు సంతకాలతో చట్టం ప్రతిపాదించి ఓటుకు పెట్టే ఏర్పాటు మన రాజ్యాంగంలో లేదు. కాని పన్ను సంగతి అలా కాదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 51వ అంశం, మద్యంతోపాటు నల్లమందు, గంజాయి మొక్క, ఇతర మాదకద్రవ్యాల మీద ఎక్సైజు సుంకం వేసే అధికారాన్ని రాష్ట్రాలకే ఇచ్చింది, జీఎస్టీ వచ్చిన తరువాత కూడా అది చెక్కుచెదరలేదు. అంటే పన్ను వేసే అధికారం అమరావతి చేతిలో ఉంది, వేయడానికి చట్టబద్ధమైన సరుకే లేదు. ఎన్‌డీపీఎస్ చట్టం 10వ సెక్షను గంజాయి మొక్క సాగును అనుమతించి నియంత్రించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చినా, 8వ సెక్షను ఆ అనుమతిని వైద్య, శాస్త్రీయ అవసరాలకు పరిమితం చేసింది. నార కోసం, విత్తనం కోసం సాగును 14వ సెక్షను కింద అనుమతించవచ్చు. ఉత్తరాఖండ్ 2018 నుంచి టీహెచ్‌సీ 0.3 శాతం మించని రకాలకు అలాగే లైసెన్సులిస్తోంది, హిమాచల్‌ప్రదేశ్ వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల్లో ప్రయోగాత్మక అధ్యయనానికి 2025 జనవరిలో అక్కడి మంత్రివర్గం ఒప్పుకుంది. పీల్చే గంజాయిని కాలిఫోర్నియాలా అమ్మాలంటే మాత్రం పార్లమెంటు చట్టాన్నే మార్చాలి. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పదార్థాల జాబితా నుంచి 27 – 25 ఓట్లతో తప్పించినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటేసింది గాని, దేశంలో చట్టాన్ని సడలించలేదు.

మత్తు మీద రాబడిని ప్రజలు తిరస్కరించిన అనుభవం తెలుగువారికి కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన నాటి నుంచి ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. సంతకాల సేకరణ, ఓటుపత్రం లేకుండానే ప్రజలు శాసనసభ చేత చట్టం చేయించిన సందర్భంగా దాన్ని చెప్పుకోవచ్చు. అదే నిషేధాన్ని 1997లో ఎత్తివేసేటప్పుడు ఖజానా లోటు, దొంగసారా రెండూ ముందుకొచ్చాయి. గంజాయి పన్ను గురించి ఇక్కడ ఎవరు మాట్లాడినా వినేవారికి ముందుగా గుర్తొచ్చేది సారా కొట్టే. లైసెన్సు దుకాణం ఇంటి ఖర్చును ఎలా తిన్నదో చూసిన తరం ఇంకా ఉంది.

ఆరోగ్యం వైపు చూస్తే, పూర్తి నిరపాయమన్న మాట గాని, ఒక్కసారి ముడితే బతుకు ముగిసినట్టేనన్న మాట గాని వైద్యశాస్త్రం చెప్పదు. ఎదిగే వయసులో మొదలుపెట్టి రోజూ వాడేవారిలో జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతినడం, మానసిక రోగ లక్షణాలు బయటపడే అవకాశం పెరగడం పదేపదే తేలిన విషయాలు. వ్యసనపరుడు తానుగా చికిత్సకు వస్తే, స్వల్ప పరిమాణం కేసుల్లో విచారణ నుంచి రక్షణ కల్పించే 64-ఏ సెక్షను మన చట్టంలోనే ఉన్నా, దాని గురించి కళాశాలల్లో చెప్పేవారు తక్కువ.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన నియమించిన గంజాయి విచారణ సంఘం 1,193 మంది సాక్షులను విచారించి, మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో మితమైన వాడకం వల్ల చెప్పుకోదగ్గ కీడు లేదని, నిషేధం తగదని, సాగును కొద్ది చోట్లకు కుదించి, లైసెన్సులు పెట్టి, తగినంత సుంకం వేయాలని సూచించింది. నిషేధం వద్దనేవారు ఈ నివేదికను ఉదహరిస్తూనే ఉంటారు. అందులో 'కొద్ది చోట్లకు కుదించి' అన్న మాటను మాత్రం వారు త్వరగా దాటవేస్తారు. దగ్గుబాడు రైతుకు లైసెన్సు దొరికితే, పెరట్లో నాలుగు మొక్కలు వేసుకున్న మరోచోటి మనిషి నేరస్థుడవుతాడు. పన్ను వేయాలంటే పంటను కొలవాలి, కొలవాలంటే కంచె వేయాలి.

ఆ కంచె ఏజెన్సీలో ఎక్కడ పడుతుందన్నదే అనకాపల్లి వైపు నుంచి చూసినప్పుడు అసలు ప్రశ్న. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధనల ప్రకారం షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి పొందే వీలు లేదు కాబట్టి, భూమి గిరిజన రైతుదే అవుతుంది. కాని ప్రయోగశాల పరీక్షలు, కాపలా, కెమెరాలు, బ్యాంకు హామీ అడిగే లైసెన్సును అతడు తెచ్చుకోగలడా? కాలిఫోర్నియాలో 64వ ప్రతిపాదన రాసినవారు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, పెద్ద తోటలకు 2023 వరకు లైసెన్సులివ్వకూడదని చట్టంలోనే రాశారు. 2017 చివరలో వచ్చిన అమలు నిబంధనలు ఒకే సంస్థ చిన్న లైసెన్సులను ఎన్నయినా కలిపి తీసుకోవచ్చన్నాయి, దాంతో ఆ కట్టడి మొదటి దుకాణం తెరవకముందే నీరుగారింది. హంబోల్ట్ వంటి కొండ కౌంటీల్లో దశాబ్దాలుగా చాటుగా పండించిన కుటుంబాల్లో చాలామంది, చట్టం తమ వైపు వచ్చిన తరువాత, ధర పడిపోయి లైసెన్సు రుసుములు కట్టలేక సాగు మానుకున్నారు. చింతపల్లి రైతుకు అంతకంటే మేలైన ఒప్పందం కావాలంటే, లైసెన్సును గ్రామసభకో, గిరిజన సహకార సంఘానికో తప్ప ఇతరులకు ఇవ్వరాదన్న షరతు చట్టంలోనే ఉండాలి, అమలు నిబంధనలు దాన్ని సడలించే వీలూ ఉండకూడదు. చట్టబద్ధం చేయాలని కోరేవారి వాదనల్లో రాబడి లెక్కలు కనిపించినంతగా ఈ షరతు కనిపించదు.